మేడం వెనక్కి తీసుకున్న ఫలితం

మొన్న మంగళవారం పొద్దున నేను షాద్‌నగర్ బస్సులో ఉన్నాను. జడ్చర్ల దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. మా మేడం వాళ్ళ చెల్లెలు. అక్కను ఆపా అని పిలుస్తుంది.

"ఆపా పోయింది బేటా. ఫజర్ నమాజు చదివింది, జర ఛాయ్ పెట్టమన్నది. పెట్టుకొచ్చేసరికి కూసున్న కాడనే తల వాల్చేసింది," అన్నది.

జడ్చర్లలో దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సెక్కాను. మహబూబ్‌నగర్ వచ్చేదాకా ఏడ్చాను. పక్కనున్నామె ఏమీ అడగకుండా తన నీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టింది.

మేడం అంటే మాకు డిగ్రీలో జంతుశాస్త్రం చెప్పిన మేడం. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పాలమూరులో డిగ్రీ చదివాను. మాది గొర్రెలు, మేకలు కాసుకునే ఇల్లు. మా వంశంలో ప్రయోగశాల గడప తొక్కినదాన్ని నేనే మొదలు. ఇవాళ ఒక కంపెనీలో సరుకు నాణ్యత పరీక్షించి రిపోర్టు మీద సంతకం పెడుతున్నాను. ఆ సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలో నేర్పింది మేడమే.

మర్నాడు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశం వచ్చింది. "నాటుకోడి మృదులాస్థిలో బ్రాయిలర్ కోడి కంటే మాంసకృత్తులు ఎక్కువని నిరూపించి, పాలమూరుకు పేరు తెచ్చిన విదుషీమణి" అని అందులో ఉంది. చదవగానే ఏడుపు ఎటు పోయిందో పోయింది, ఒళ్ళు మండింది. ఆ ఫలితం తప్పు. ఆ తప్పు చేసిన చేతులు నావి. తప్పని ఒప్పుకొని, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మేడం పడ్డ తిప్పలు పక్కనుండి చూసినదాన్ని కూడా నేనే. బతికుండగా ఆమె వద్దు పొమ్మన్న గొప్పను చనిపోయాక ఆమెకు అంటగడుతున్నారు.

"ఇది తప్పు. మేడమే దీన్ని వెనక్కి తీసుకున్నారు. దయచేసి మార్చండి" అని గ్రూపులో రాశాను. దాని కింద వరసగా అందరూ దండం బొమ్మలు పెట్టారు. ఒక్కరూ చదవలేదని అర్థమైంది. శనివారం కాలేజీలో సంతాప సభ. అక్కడా ఇదే మాట మైకులో చెబుతారు. ఎట్లాగైనా సరే, అది అట్లా సాగనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మేడంను ఎరగనివాళ్ళకు ముందు ఆమె లంచ్‌బాక్సుల గురించి చెప్పాలి. రెండు డబ్బాలు తెచ్చేవారు. ఒకదాంట్లో అన్నం, రెండోదాంట్లో కోడి రొమ్ము ఎముకల కొసలు. పొరపాటున ఒక డబ్బా బదులు ఇంకోటి తెరిచి కెవ్వుమన్న కొత్త లెక్చరర్లు ఉన్నారు. కాలేజీకి వచ్చే దారిలో ఒక చికెన్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే చాచా పొద్దున కోళ్ళు కోసి తోలు తీశాక, రొమ్ము ఎముక చివర తెల్లగా, మెత్తగా ఉండే మృదులాస్థి ముక్కను మేడం కోసం పక్కన పెట్టేవాడు. లేత కోడికి ఆ కొస వేలితో నొక్కితే వంగుతుంది. ముదిరే కొద్దీ గట్టిపడుతుంది. మా వైపు కోడిని కొనేవాళ్ళు లేతదో ముదురుదో తేల్చుకోవడానికి నొక్కి చూసేది కూడా అక్కడే.

మొదటి ప్రాక్టికల్ రోజు తలా ఒక ముక్క చేతిలో పెట్టి, "నొక్కుండ్రి" అన్నారు. నొక్కాం. "ఇడ్సిపెట్టుండ్రి" అన్నారు. వదిలేశాం. ముక్క మళ్ళీ ఎప్పటిలా అయింది. "ఎందుకైంది?" అంటే మళ్ళీ నొక్కి చూశాం.

అప్పుడు చెప్పారు. మృదులాస్థిలో సగం కంటే ఎక్కువ నీళ్ళే. కొలాజెన్ పోగులు నులక మంచం అల్లినట్టు అల్లుకొని ఉంటాయి. ఆ అల్లిక సందుల్లో ఒక రకం పెద్ద అణువులు ఉంటాయి. ఒక్కో అణువులో మాంసకృత్తితో చేసిన ఒక కాడ, ఆ కాడ పొడవునా కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు. ఆ గొలుసులకు నీళ్ళంటే ప్రాణం. నొక్కితే నీళ్ళు పక్కకు జరుగుతాయి, వదిలితే గొలుసులు మళ్ళీ లాక్కుంటాయి. మరీ ఉబ్బిపోకుండా కొలాజెన్ పట్టి ఉంచుతుంది. "ఒకటి గుంజుతది, ఒకటి ఆపుతది. రెండిట్ల ఏది తక్కువైనా కోడి సక్కగ నడువది," అన్నారు.

తర్వాత పలుచగా కోసిన ముక్క మీద టొలుయిడిన్ బ్లూ అనే నీలం రంగు చుక్క వేయించారు. పక్కనున్న కండరం నీలంగానే ఉండిపోయింది. మృదులాస్థి మాత్రం చూస్తుండగానే వంకాయ రంగుకు తిరిగింది. ఆ చక్కెర గొలుసుల మీద ఉండే సల్ఫేట్లే రంగును అట్లా మారుస్తాయట. నేను మైక్రోస్కోపు వదల్లేదు. వెనక వంతు కోసం నిలబడ్డ పిల్ల నా జడ గుంజింది. "ఉండనీయ్, ఆమెను చూడనీయ్," అన్నారు మేడం. ఆ ఒక్క మాటకు నేను ఈ చదువులో ఉండిపోయాను.

మా ప్రయోగశాల గొప్పదేమీ కాదు. రంగు చిక్కదనం కొలిచే కలరీమీటరు ఒక్కటే ఉండేది. దాని ముల్లు నెలకు నాలుగుసార్లు అలిగేది. మృదులాస్థిని కరిగించడానికి శుద్ధమైన ఎంజైము తెప్పించుకునే స్తోమత కాలేజీకి లేదు. మేడం తన వంటింట్లోంచి దారి వెతికారు. కబాబ్‌కు మాంసం మెత్తబడాలని వాళ్ళింట్లో పచ్చి బొప్పాయి నూరి కలుపుతారు. ఆ బొప్పాయి పాలలో ఉన్నది మాకు కావలసిన ఎంజైమే. పెరట్లో కాయకు గాట్లు పెట్టి, కారిన పాలు సీసాలో పట్టి తెచ్చేవారు. మృదులాస్థి ముక్కలు అందులో వేసి గోరువెచ్చని నీటిలో ఉంచితే మర్నాటికి కరిగేవి.

అయితే బొప్పాయి పాలలోనూ మాంసకృత్తులు ఉంటాయి. అందుకని ప్రతిసారీ ఎముక ముక్క లేకుండా ఒట్టి బొప్పాయి పాలతో ఇంకో గొట్టం పెట్టించి, దాని అంకెను మొత్తంలోంచి తీసేయించేవారు. "నువ్వు కలిపింది నువ్వే తీసెయ్యాలె. లేకుంటే బొప్పాయి బలం తీసి కోడికి కట్టబెట్టినట్టు," అనేవారు. ఎవరైనా ఆ గొట్టం పెట్టడం మరిచిపోతే ఆ రోజు పనంతా మళ్ళీ మొదటి నుంచి. ఏడ్చినా, బతిమాలినా, బస్సు వెళ్ళిపోతుందన్నా కనికరించేవారు కాదు. వెనక మేము ఆమెకు "మళ్ళ చెయ్యి మేడం" అని పేరు పెట్టుకున్నాం. ఆమెకు ఆ సంగతి తెలుసు.

మూడో సంవత్సరంలో ప్రాజెక్టు కోసం నేనొక ప్రశ్న పట్టుకున్నాను. మృదులాస్థిలో మాంసకృత్తులు నాటుకోడికి ఎక్కువా, బ్రాయిలర్‌కు ఎక్కువా? బ్రాయిలర్ ముక్కలు చాచా ఇచ్చేవాడు. నాటుకోళ్ళను మా ఊళ్ళో మా అవ్వ శుభ్రం చేసి పంపేది. పరీక్ష చిన్నదే. కరిగిన ద్రవంలో బైయూరెట్ ద్రావణం పోస్తే ఊదారంగు వస్తుంది. ఆ ద్రావణంలో ఉండేవి మైలుతుత్తం, ఘాటైన క్షారం. రంగు ఎంత చిక్కగా ఉంటే మాంసకృత్తులు అంత ఎక్కువ అన్నమాట.

నాటుకోడి గొట్టాలు ప్రతిసారీ చిక్కగా వచ్చాయి. కాస్త ఎరుపు కూడా తిరిగాయి. నేను ఎగిరి గంతేశాను. మేడం రెండుసార్లు, మూడుసార్లు చేయించారు. అదే వస్తుంటే ఆమె కూడా నమ్మారు. ప్రిన్సిపాల్ సార్ విలేకరిని పిలిపించారు. పేపర్లో నా ఫోటో, మేడం ఫోటో పక్కపక్కన పడ్డాయి. హైదరాబాద్‌లో జరిగే విద్యార్థుల సైన్స్ సమావేశానికి మా ప్రాజెక్టును ఎంపిక చేశారు. మా బాపు ఆ పేపరు ముక్కను మడిచి జేబులో పెట్టుకొని, మేకలు కాయబోయినప్పుడు కూడా వెంట తీసుకుపోయేవాడు.

ఆ సంతోషంలో ఒక ఆదివారం మేడంను మా ఇంటికి బువ్వకు పిలిచాం. మా ఊళ్ళో ఎవరింట్లో కోడి కోయాలన్నా ముల్లా సాబే వచ్చి కోస్తాడు కాబట్టి ఆమె తినడానికి ఇబ్బంది లేదు. ఆయన కోసి ఇచ్చిన కోడిని అవ్వ అందుకుంది. మేడం కుర్చీ వద్దని అవ్వ పక్కనే పీట మీద కూర్చొని కబుర్లలో పడ్డారు. అవ్వ ఈకలు పీకింది. ఎండుగడ్డి మంట మీద కోడిని అటూ ఇటూ తిప్పి కాల్చింది. తర్వాత పసుపు గుప్పెడు తీసుకొని రెక్కల కింద, మెడ మీద, రొమ్ము మీద బాగా రుద్దింది.

మేడం మాట మధ్యలో ఆగిపోయింది.

"అవ్వా, మా కాలేజికి పంపిన కోళ్ళకు గూడ గిట్లనే పసుపు రాసిన్రా?"

"రాయక? టీచరమ్మకు పంపేటిది, నీసు వాసన కొడితె బాగుంటదా? వాటికి ఇంకింత ఎక్కువనే రాసిన," అన్నది అవ్వ గర్వంగా.

మేడం నా వైపు చూశారు. నేను ఇంకా విషయం తలకెక్కక నవ్వుతూనే ఉన్నాను. వాళ్ళింట్లో కోడికి తోలు తీసేస్తారు. కాల్చడం, పసుపు రుద్దడం ఆమె ఎరగరు, అందుకే అడగాలని తోచలేదు. మాకేమో కోడికి పసుపు రాయడమంటే కడగడం లాంటిదే, అందుకే చెప్పాలని నాకు తోచలేదు.

"అవ్వా, నీ సున్నం డబ్బి ఒక్కసారి ఇయ్యుండ్రి," అన్నారు మేడం. అవ్వ తమలపాకుల సంచిలోంచి తీసి ఇచ్చింది. మేడం వేలి కొసతో కాస్త సున్నం తీసి, కోడి రొమ్ము మీది పసుపులో రుద్దారు. అక్కడ ఎర్రగా అయింది.

అవ్వ పకపకా నవ్వింది. "గింత సదివిన్రు, గిది తెల్వదా? పసుపుల సున్నం పడితె ఎర్రగ గాదా? దిష్టి నీళ్ళు గట్లనే గదా కలిపేది!"

సున్నం చేసిన పనే బైయూరెట్‌లోని క్షారమూ చేసింది. మా గొట్టాల్లోని ఎరుపు నాటుకోడిది కాదు, అవ్వ పసుపుది. బొప్పాయిని జాగ్రత్తగా తీసేశాం. పసుపు ఉందనే మాకు తెలియదు.

ఆ రోజు మేడం కడుపునిండా తిన్నారు. కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. అవ్వ చేతివంటను మెచ్చుకున్నారు. బస్టాపు దాకా సాగనంపడానికి వెళ్ళిన నాతో మాత్రం, "రేపు ఎనిమిదింటికి వచ్చెయ్. మొదటి సంది మళ్ళ చేద్దాం," అన్నారు.

పేపర్లో పడింది. బాపు జేబులో ఉంది. సమావేశానికి మూడు వారాలే ఉంది. "మనం చెప్తేనే గదా మేడం తెలిసేది. ఇంకెవరికి ఎర్క?" అన్నాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ ఆ మాట అన్నది నేనే.

మేడం కోప్పడలేదు. "నీకెర్కనే, నాకెర్కనే. ఇద్దరం చాలమా?" అన్నారు. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నాటుకోళ్ళు ప్రాణంతో పాలమూరుకు వచ్చాయి. చాచా దుకాణంలోనే, అదే కత్తితో, అదే పద్ధతిలో తోలు తీయించాం. "నీసు కోడిని పంపితె నా పరువేంగావాలె" అని అవ్వ రెండు రోజులు అలిగింది. అలిగినా వాటి వయసు తెలియాలని ఏ కోడి ఏ పండుగకు పిల్లగా దిగిందో లెక్క మాత్రం చెప్పి పంపింది. మేడం పొద్దున ఎనిమిదికి తాళం తీసేవారు, సాయంత్రం ఆఖరి బస్సుకు నన్ను ఎక్కించి తాళం వేసేవారు. ఒక్కరోజు కూడా "అయ్యో, ఇట్లా అయిందేమిటి" అనలేదు. గొట్టాలు కడిగారు, నాతో కడిగించారు.

మేము అంతగా మురిసిపోయిన తేడా ఎగిరిపోయింది. నాటుకోడి, బ్రాయిలర్ దాదాపు ఒకచోటే వచ్చి నిలబడ్డాయి. మిగిలిన నిజం ఒక్కటే, ముదురు కోడి ఎముక కొసలో ఖనిజాలు పేరుకొని ఉంటాయి, కాలిస్తే బూడిద ఎక్కువ మిగులుతుంది. మా అవ్వ బొటనవేలితో నొక్కి చెప్పేదాన్నే మేము మూడు వారాలు కాల్చి, తూచి చెప్పాం.

హైదరాబాద్ సమావేశంలో మా చార్టు మీద మొదట తప్పు ఫలితం, అది ఎట్లా వచ్చిందో, తర్వాత సరైన ఫలితం రాయించారు. చూడటానికి వచ్చిన ఒక ప్రొఫెసర్, "తప్పును ఇంత పెద్దగా రాశారేమిటమ్మా?" అని అడిగాడు. "చేసినప్పుడు పెద్దగనే చేసినం సార్," అన్నారు మేడం. బహుమతి రాలేదు. ప్రిన్సిపాల్ సార్ చాలా రోజులు మాతో ముభావంగా ఉన్నారు.

పేపర్లో పడినదాన్ని వెనక్కి తేవడం అంతకంటే కష్టమైంది. మా పక్కింటి పెద్దమ్మకు మోకాళ్ళలో గుజ్జు అరిగింది. ఎవరో పేపరు చదివి వినిపిస్తే, దవాఖానలో ఇచ్చిన గోళీలు ఆపేసి, నాటుకోడి రొమ్ము ఎముకలు ఉడకబెట్టుకొని తాగడం మొదలుపెట్టింది. నొప్పులు ముదిరి మంచం దిగడం లేదని నేను మాటవరసకు మేడంతో అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. ఆ ఆదివారమే మా ఊరు వచ్చారు.

"ఏది తిన్నా కడుపులనే అరుగుతది పెద్దమ్మా. కోడి మెత్తెముక పోయి మీ మోకాల్ల అతుక్కోదు. పేపర్ల పడ్డది మా గలతి. గోళీలు ఏస్కోండ్రి," అని మంచం పట్టె మీద కూర్చొని చెప్పారు.

"పేపర్ల అబద్ధం రాస్తరా?" అన్నది పెద్దమ్మ.

పై ఆదివారం మేడం మళ్ళీ వచ్చారు. ఆ పై ఆదివారమూ వచ్చారు. మూడోసారి గోళీ పెద్దమ్మ చేతిలో పెట్టి, ఆమె మింగేదాకా నీళ్ళ గ్లాసు పట్టుకొని నిలబడ్డారు. పెద్దమ్మ నమ్మి మింగిందో, ఈమె పోరు పడలేక మింగిందో నాకు తెలియదు. నెల తిరిగేసరికి వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

ఇంకోవైపు తప్పు దిద్దుతూ వార్త వేయమని మేడం విలేకరి వెంటపడ్డారు. "పాత వార్త మేడం, ఎవరు యాదికి పెట్టుకుంటరు, ఇడ్సిపెట్టుండ్రి," అన్నాడతను. "మంచంల పడ్డామె యాదికి పెట్టుకున్నది," అన్నారు మేడం. కాలేజీ వదిలాక రోజూ వెళ్ళి వాళ్ళ ఆఫీసులో కూర్చునేవారు. చివరికి ఒక మూలన నాలుగు వరుసలు వేశారు, ఫోటో లేకుండా. మొదటి వార్త చదివినవాళ్ళలో దాన్ని ఎందరు చూశారో గానీ, మేడం మాత్రం ఆ రోజు కాలేజీలో అందరికీ ఛాయ్ తాగించారు.

నాకు ఉద్యోగం వచ్చాక నెలకోసారి ఫోన్ చేసేవారు. క్షేమ సమాచారాలు అయ్యాక ఒకటే ప్రశ్న: "ఈ నెల నీ తప్పులు ఎన్ని దొరికినయ్ బేటా?" ఏమీ లేవంటే, "అయితే సరిగ చూసుకోలే నువ్వు," అని పెట్టేసేవారు. పోయిన నెల కూడా అడిగారు. నేను ఒకటి చెప్పాను. "షాబాష్," అన్నారు. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

శనివారం సభకు ముందుగానే వెళ్ళాను. వేదిక మీద నిలువెత్తు ఫ్లెక్సు కట్టారు. పైన దుపట్టా కప్పుకొని నవ్వుతున్న మేడం. కింద ఎర్ర అక్షరాల్లో నాటుకోడి, మృదులాస్థి, మాంసకృత్తులు, అదే వాక్యం. ఇప్పటి ప్రిన్సిపాల్ గారితో విషయమంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "ఫ్లెక్సు కొట్టించేసినం గదమ్మా. అయినా మంచి మాటనే గదా, ఉండనీయ్," అన్నారు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ మంచి మాటే చెప్పారు. వక్తల పట్టికలో నా పేరు లేదు. నాలుగో ఆయన దిగగానే నేనే ఎక్కి మైకు పట్టుకున్నాను.

అవ్వ పసుపు గురించి, సున్నం డబ్బి గురించి, పెద్దమ్మ గోళీల గురించి, పేపర్లో నాలుగు వరుసల గురించి చెప్పాను. "ఇక్కడ రాసింది మేడం కనిపెట్టింది కాదు. మేడం వెనక్కి తీసుకున్నది. మనం మళ్ళీ ఆమె నెత్తిన పెట్టొద్దు," అన్నాను. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, "ఇసొంటి సమయంల తప్పుల ముచ్చట ఎందుకమ్మా," అన్నాడు.

అప్పుడు మేడం చెల్లెలు లేచింది. "ఆమె చెప్పింది నిజమే. ఆ నెలంతా ఆపా సక్కగ నిద్రపోలే. గా మంచంల పడ్డామె లేచి కూసుందని తెలిసినంకనే కడుపునిండ తిన్నది. గది తెల్వకుండ ఆపాను ఏం తెలిసినట్టు?" అని, నా వైపు తిరిగి, "నువ్వు సరిచెయ్ బేటా," అన్నది.

ఎవరో మార్కర్ పెన్ను అందించారు. ఎర్ర అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టబోయాను. వెనక ఆసరా లేక ఫ్లెక్సు లోపలికి పోయింది, పెన్ను జారింది. ఇంకోసారి ప్రయత్నించినా అంతే. మేడం చెల్లెలు మెల్లగా వేదిక ఎక్కి ఫ్లెక్సు వెనక్కి వెళ్ళింది. "రాయి," అని అటు నుంచి మాట వినిపించింది. గీత కొట్టాను. దాని కింద, "ఈ ఫలితం తప్పని మేడమే చెప్పారు, మా చేత మళ్ళీ చేయించారు" అని రాయడం మొదలుపెట్టాను. నేను రాస్తున్నంతసేపూ మేడం ముఖం కింద, ఫ్లెక్సు అవతలి నుంచి, రెండు అరచేతులు ఉబ్బెత్తుగా కనిపిస్తూ ఒక్కో అక్షరం వెంబడి జరుగుతూ వచ్చాయి.